మూఢమిలో ఓడ ప్రయాణం

మా ఇంట్లో సెలవులు ఎప్పుడో చెప్పేది స్కూలు క్యాలెండరు కాదు, శుక్రగ్రహం. ఆ గ్రహం సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్ళి కంటికి కనపడకుండా పోయే రోజుల్ని మూఢమి అంటారు. మూఢమిలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఉపనయనాలు ఏవీ ఉండవు. నూజివీడులో పౌరోహిత్యం చేసుకుని బతికే నాలాంటివాడికి ఆకాశం దయతలిచి ఇచ్చే సెలవు అదొక్కటే.

మిగతా ఏడాదంతా నా ఉద్యోగం ఫంక్షన్ హాళ్ళలో ఫొటోగ్రాఫర్లు చెప్పినట్టు వినడం. "పంతులుగారూ, కాస్త పక్కకి జరగండి, పెళ్ళికూతురు మొహం పడట్లేదు" అంటే జరుగుతాను. "మంత్రం ఒక్క నిమిషం ఆపండి, డ్రోను పైకి లేస్తోంది" అంటే ఆపుతాను. తాళి కట్టే దృశ్యం సరిగ్గా రాలేదని మళ్ళీ కట్టించిన పెళ్ళి కూడా ఒకటి నా చేతులమీదుగానే జరిగింది. ఆ జంట మిగతావాళ్ళకంటే రెట్టింపు గట్టిగా కలిసి ఉండాలి. ఉన్నారో లేదో నేను విచారించలేదు. మామిడి వ్యాపారుల ఇళ్ళలో అయితే తోటలో కాయ దిగడం మొదలయ్యేలోపు పెళ్ళి అయిపోవాలి. ముహూర్తం నేను పెట్టానని వాళ్ళు అందరితో చెబుతారు. పెట్టింది మామిడికాయ.

మా ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళకు క్రిస్మస్‌కు సెలవులు బాగానే ఇస్తారు. ఆ ఏడాది చర్చి ఇచ్చిన సెలవులూ శుక్రుడు ఇచ్చిన సెలవులూ కలిసొచ్చాయి. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో చర్చికీ శుక్రుడికీ పొత్తు కుదరడం అదే మొదలు.

"ఈసారి అండమాన్ వెళ్తున్నాం" అంది మా ఆవిడ. అడగలేదు, ప్రకటించింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి అప్పటికే ఫోనులో అక్కడి బీచిలన్నీ చూసేసి, వెళ్ళకముందే సగం బీచిల మీద విసుగు కూడా తెచ్చుకుని ఉంది.

మా నాన్నగారు కూడా పురోహితులే. డెబ్భై దాటారు. రిటైరయ్యారు అనడానికి లేదు. మా వృత్తిలో రిటైర్మెంట్ ఉండదు, మోకాళ్ళ నొప్పులు మాత్రం ఉంటాయి. అండమాన్ మాట చెవిన పడగానే ఆయన జపం ఆపేశారు.

"సముద్రయానం నిషిద్ధంరా. మనం ఓడెక్కకూడదు."

"విమానంలో వెళ్తాం నాన్నగారూ."

ఆయన జపమాల పక్కన పెట్టారు. "విమానం సంగతి శాస్త్రం రాసినవాళ్ళకి తెలీదు. తెలియనిదాన్ని నిషేధించలేదు. నిషేధించనిది చెయ్యొచ్చు. నేనూ వస్తాను."

ఈయన ప్లీడరీ చదివి ఉంటే నేను ఈపాటికి హాయిగా ఏ పనీ లేకుండా బతికేవాణ్ణని చాలాసార్లు అనుకున్నాను.

మా ఆవిడ నాకు మాత్రం ఒక షరతు పెట్టింది. అక్కడ నేను పురోహితుణ్ణని ఎవరికీ చెప్పకూడదు. అంతకుముందు తిరుపతి రైల్లో ఒక పెద్దమనిషి ఒంగోలు దగ్గర నా వృత్తి కనిపెట్టి, గూడూరు దాకా తన కూతుళ్ళ జాతకాలు చెప్పించుకున్నాడు. ఆ రాత్రి మా ఆవిడ తెచ్చిన ఇడ్లీలు కూడా ఆయనే తిన్నాడు. అందుకని ఈసారి మారువేషం. నూజివీడు బజారులో ఒక నిక్కరు, రెండు టీషర్టులు, పిలక కప్పుకోవడానికి ఒక టోపీ కొన్నాను. కొట్టు యజమాని పెళ్ళి చేయించింది నేనే. నిక్కరు నా నడుముకు పెట్టి చూస్తుంటే ఆయన, "ఎవరికండీ?" అన్నాడు. "మా తమ్ముడికి" అన్నాను. నాకు తమ్ముడు లేడని ఆయనకు తెలుసు. ఆయన కూడా పెద్దమనిషి కాబట్టి, "మంచి కలరండీ, తమ్ముడుగారికి బావుంటుంది" అని కట్టి ఇచ్చాడు.

ఏర్పాటు ఇదీ. పోర్ట్ బ్లెయిర్ దాకా అందరం విమానంలో వెళ్తాం. అక్కడ రెండు రోజులుంటాం. ఆ తర్వాత మా ఆవిడ, అమ్మాయి, నేను రాత్రి ఓడెక్కి దక్షిణాన ఉన్న లిటిల్ అండమాన్ దీవికి వెళ్తాం. ఓడెక్కని నాన్నగారు పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు కట్టుకున్న గుడిలో ఉంటారు. అక్కడ ఒక గది, వేళకు మడి భోజనం దొరుకుతాయి. కాగితం మీద మా ఆవిడ వేసిన లెక్క లాగే ఇదీ తప్పులేకుండా ఉంది.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు ఎక్కువ. నేనంటే టోపీ పెట్టుకున్నాను గానీ నాన్నగారు పంచె కట్టుకుని, విభూతి రేఖలతో గుళ్ళో కూర్చున్నారు. నూజివీడు నుంచి పెద్దాయనొకరు వచ్చారట అని సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మేము ఊరు తిరిగి గుడికి వచ్చేసరికి నాన్నగారి ముందు రేషను షాపు దగ్గర ఉన్నంత వరస. ఒకరికి పిల్లవాడి ఉద్యోగం, ఒకరికి ఇంటి గుమ్మం, ఒకరికి పక్కింటివాళ్ళ దిష్టి. నాన్నగారికి జ్యోతిషం రాదు. ఆయన నేర్చుకున్నది పెళ్ళిళ్ళూ వ్రతాలూ చేయించే కర్మకాండ. ఆ మాట చెబితే ఎవరూ నమ్మడం లేదు, చెప్పడం ఇష్టం లేక అలా అంటున్నారని ఇంకా కాళ్ళకు దణ్ణం పెడుతున్నారు.

ఆ రాత్రి గదిలో ఆయన కాళ్ళు చాపుకుని నెమ్మదిగా అన్నారు.

"రేపు ఓడకి నాకూ టికెట్టు దొరుకుతుందేమో చూడు."

"సముద్రయానం నిషిద్ధం కదా నాన్నగారూ?"

"నిషిద్ధమే. ప్రాయశ్చిత్తం లేని దోషం ఏదీ లేదురా. వీళ్ళకి మాత్రం ప్రాయశ్చిత్తం లేదు."

టికెట్టు దొరికింది. ఓడంటే మా అమ్మాయి ఫోనులో చూపించిన తెల్లటి, అద్దాల ఓడ నా కళ్ళముందు ఉంది. జెట్టీ దగ్గర నిలబడ్డది, దీవుల్లో ఉండేవాళ్ళు ఇంటికి బియ్యం, మందులు, సైకిళ్ళు తీసుకువెళ్ళే ఓడ. మా సీట్లు కింది హాల్లో. రైల్లోలా ఒకదానిమీద ఒకటి బెర్తులు. గోడకు గుండ్రటి చిన్న కిటికీలు, వాటిలోంచి ఏమీ కనపడదు. ఏసీ మాత్రం మామిడికాయల్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టినట్టు పెట్టారు.

నాన్నగారికి కింది బెర్తు ఇచ్చాం. పక్క కింది బెర్తులో నలభై అయిదేళ్ళుంటాయేమో, గట్టి మనిషి ఒకామె. ఆమెతోపాటు పడుచుపిల్ల, ఆ పిల్ల భర్త, వాళ్ళ ఒళ్ళో ఇంకా నడక రాని ఆడపిల్ల. వాళ్ళ సామాన్లలో ఒక గోనె మూట ఉంది. ఆమె దాన్ని ప్రేమగా నాన్నగారి బెర్తుకీ తన బెర్తుకీ మధ్య సర్దింది.

కాసేపటికి నాన్నగారు ముక్కు ఎగబీల్చారు.

"ఏంటమ్మా ఈ వాసన?" అని మా ఆవిణ్ణి అడిగారు.

"సముద్రం వాసన మావయ్యగారూ" అంది మా ఆవిడ, రెప్ప వేయకుండా.

అవి ఎండు చేపలని నాకు తెలుసు, మా ఆవిడకు తెలుసు, మా అమ్మాయి దుప్పటి కప్పుకుని నవ్వుతోంది కాబట్టి దానికీ తెలుసు. నాన్నగారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, "సముద్రం ఇంత దగ్గరగా ఉంటుందని అనుకోలేదు" అన్నారు.

భోజనాలు బాగా జరిగాయి. గుళ్ళో ఇచ్చిన పులిహోర, దద్దోజనం, ఇంటినుంచి తెచ్చుకున్న మాగాయ. నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను. మా అమ్మాయి కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర ఇవ్వబోయింది. "తెల్లారకుండా లేచి హోమం పొగలో కూర్చునే ఒళ్ళమ్మా ఇది. కృష్ణలో ఎన్నిసార్లు పడవెక్కలేదు!" అన్నాను. మా ఆవిడ ఆ మాత్ర తను వేసుకుంది. ఆమె నాతో వాదించడం మానేసి చాలా కాలమైంది. ఫలితం దానంతటదే వస్తుందని ఆమె నమ్మకం.

రేవులో ఉన్నంతసేపు ఓడ పెళ్ళికొడుకులా బుద్ధిగా నడిచింది. రేవు దాటగానే దాని అసలు స్వరూపం బయటపడింది. ముందు నెమ్మదిగా ఒక పక్కకి ఒరిగింది. సరే, మళ్ళీ లేస్తుందిలే అనుకున్నాను. లేచి రెండో పక్కకి ఒరిగింది. ఆపైన ముందు భాగం ఎత్తి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, దబ్బున కిందపడింది. నా కడుపు మాత్రం పైనే ఉండిపోయింది.

కృష్ణానదికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలిసేసరికి దద్దోజనం గొంతు దగ్గరికి వచ్చేసింది. ఓడవాళ్ళు అక్కడక్కడ పెట్టిన ప్లాస్టిక్ బకెట్లు ఎందుకో అప్పటిదాకా అర్థం కాలేదు. అర్థమైంది. ఒక బకెట్టు కావలించుకుని నేలమీద కూర్చున్నాను.

నాన్నగారికి వాంతులు లేవు. ఆయనది భయం. బెర్తు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని జపిస్తున్నారు. ఓడ దబ్బున పడినప్పుడల్లా గొంతు పెరుగుతోంది.

"ఒరేయ్, ఇప్పుడు ఏమన్నా అయితే మూఢమిలో పోయినట్టు అవుతుందిరా."

"అయితే ఇవాళ ఓడ మునగదులెండి నాన్నగారూ, ముహూర్తం బాగాలేదు" అని, ఆ మాట పూర్తికాకుండానే మళ్ళీ బకెట్లోకి వంగాను. ఆ వంగడంలో టోపీ జారి బకెట్లో పడింది.

పక్క బెర్తు ఆమె అప్పటికే నాకోసం ఒక నిమ్మకాయ తీసి, గోటితో గిల్లి, వాసన చూడమని చెయ్యి చాపి ఉంది. ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. నా బోడి నెత్తినీ, దానిమీది పిలకనూ, కిందకి వచ్చి నిక్కరునూ, మళ్ళీ పిలకనూ చూసింది.

"అయ్యబాబోయ్, పంతులుగారా!"

హాల్లో సగం మంది లేచారు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను గానీ ఆ సమయంలో నా నోరు నా చెప్పుచేతల్లో లేదు.

"నిక్కరేటి బాబూ?" అందామె జాలిగా. ఎవరో నా పంచె ఎత్తుకుపోయారని ఆమె అనుకుంది. నిమ్మకాయ చేతిలో పెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, మొహం తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది. "ఒట్టి పెరుగన్నం తిని ఎక్కినారేటి? సముద్రం తల్లికి పెరుగు పడదు. పడుకోండి. పడుకుంటే తిప్పడం ఒగ్గేస్తాది."

నేను పడుకోలేదు, పడుకోనివ్వలేదు. తెలుగు తెలిసిన ప్రయాణికులంతా ఒక్కొక్కరే వచ్చి నా బకెట్టు చుట్టూ చేరారు. జాగరణ ఎలాగూ తప్పదు, పుణ్యం కలిసొస్తుందని కాబోలు. ఒకాయన మనవడికి ఏ అక్షరంతో పేరు పెట్టాలన్నాడు. నేను "వా" అన్నాను. అది వాంతి. ఆయన "వా... వాసుదేవ" అనుకుంటూ సంతోషంగా వెళ్ళిపోయాడు. ఇంకొకాయన చాలా దిగులుగా, తన స్థలంలో ఈశాన్యం మూల సముద్రం కోసేసిందని, అది దోషమా అని అడిగాడు. ఈశాన్యంలో నీళ్ళుండటం మంచిదే అన్నాను. శాస్త్రప్రకారం అది నిజం. ఆయన మొహం వెలిగింది. సముద్రం మిగతా మూలల జోలికి వచ్చినప్పుడు ఆయన ఎవర్ని అడుగుతాడో నాకు తెలియదు.

మా ఆవిడ పై బెర్తులోంచి తల బయటికి పెట్టి చూసింది. "మారువేషం బావుంది" అని అటు తిరిగి పడుకుంది.

జనం తగ్గాక ఆమె, ఆ నిమ్మకాయ ఆమె, నా దగ్గరగా నేలమీద కూర్చుంది. వాళ్ళ తాతలది ఇచ్ఛాపురం దగ్గర ఏదో ఊరట. ఆ ఊరు ఆమె చూడలేదు. తాత వచ్చేశాడు, తండ్రి ఇక్కడే పుట్టాడు, ఆమె ఇక్కడే పుట్టింది. భర్త పోయాడు. అల్లుడికి చేపల పడవ ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఆడపడుచు ఇంటికి వచ్చి తిరిగి వెళ్తున్నారు.

"మా పిల్ల పెళ్ళికి ఒక సిత్రం అయిపోనాది పంతులుగారూ" అంది. "పోర్ట్ బ్లెయిర్ నుంచి పంతులుగారికి సెప్పినాం. ఆ రోజు సముద్రం రేగిపోనాది. ఓడలు ఆపేసినారు. ఆయనేటి సేస్తాడు, రానేదు. పందిట్లో జనం కూకున్నారు, వంటలు సేసేసినాం. మా పెదబావ తాళి తీసి అల్లుడి సేతికిచ్చి కట్టీ అన్నాడు. కట్టీసినాడు. మంత్రం ఒక్కటీ పడనేదు."

"మంత్రం పడకపోతే ఏటైనాదత్తా? బుడ్డిది పుట్టీనాది కదా" అన్నాడు అల్లుడు పై బెర్తులోంచి.

"నువ్వు నోరు ముయ్యి" అంది ఆమె పైకి చూడకుండానే. తర్వాత నాతో, "ఆళ్ళు బాగానే ఉన్నారు బాబూ. నా మనసుకే. ఏదన్నా పాత్ర మూత పెట్టకుండా వదిలీసినట్టు ఉంటాది. మీరిద్దరూ ఉన్నారు. ఆ నాలుగు మంత్రాలూ సదివీయండి."

నేను సెలవులో ఉన్నానని చెప్పాను. అంతకంటే పెద్ద కారణం మూఢమి, మూఢమిలో పెళ్ళి మంత్రాలు చెప్పరు అని కూడా చెప్పాను. నాన్నగారు కళ్ళు తెరవకుండానే, "చెప్పరు" అని బలపరిచారు. పెద్దపెద్దవాళ్ళు వచ్చి ముహూర్తం కాస్త ముందుకు జరపమన్నా జరపని మనిషి ఆయన. ఆమె, "అలాగే బాబూ" అని వెళ్ళి మనవరాలికి దుప్పటి సర్దింది. బతిమాలితే కాదనడం నాకు బాగా అలవాటు. బతిమాలకపోయేసరికి ఏం చేయాలో తెలియలేదు. నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చున్నాను.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. లేచేసరికి ఓడ ముందుకు పోవడం మానేసి ఉన్నచోటే ఊగుతోంది. తెల్లవారుతోంది. దీవి కనిపిస్తోందిట గానీ జెట్టీ దగ్గర అలలు ఎక్కువగా ఉన్నాయని, తగ్గేదాకా బయటే ఆగాలని మైకులో హిందీలో చెబుతున్నారు. గాలికోసం అందరం పైకి, డెక్కు మీదికి వెళ్ళాం. నాన్నగారిని నేనూ ఆ అల్లుడూ చెరో చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాం. రాత్రంతా మూసుకున్న కళ్ళు ఆయన అక్కడ తెరిచారు. ఎదురుగా నల్లగా అడవి, దాని కింద సన్నటి తెల్లటి గీతలా ఇసుక, చుట్టూ నీళ్ళు. ఆయన చాలాసేపు చూశారు. ఏదో గొప్ప మాట అంటారనుకున్నాను.

"ఇంత నీళ్ళుండి తాగడానికి పనికిరావు" అన్నారు.

మా ఆవిడ రాత్రంతా హాయిగా నిద్రపోయి తాజాగా ఉంది. రాత్రి మాటలన్నీ విన్నదని అప్పుడే తెలిసింది. నాన్నగారి దగ్గరికి వెళ్ళి, స్కూల్లో వెనక బెంచీవాణ్ణి లేపి అడిగినట్టు మెత్తగా అడిగింది.

"మావయ్యగారూ, మూఢమిలో పెళ్ళి చెయ్యకూడదు. సరే. ఆశీర్వచనం చెయ్యకూడదా?"

"ఎవరన్నారు? దీవెనకి మూఢమి ఏంటమ్మా? ఎప్పుడైనా దీవించొచ్చు."

"మరి రాత్రి ఆవిడకి ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ పెళ్ళి మంత్రాలు అడిగింది. ఆశీర్వచనం అడగలేదు" అన్నారు ఆయన. అడగనిదానికి జవాబు చెప్పడం ఆయన పద్ధతి కాదు. కానీ మా ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. "పిలువు" అన్నారు చివరికి.

అక్షతలకు బియ్యం ఆమె సామాన్లలోని బియ్యం సంచీలోంచే వచ్చాయి. పసుపు మా ఆవిడ వంట సంచీలో ఉంది. నాన్నగారు సీసా నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కున్నారు. నన్ను చూసి, "ఆ దిక్కుమాలిన నిక్కరు మార్చు" అన్నారు. పంచె పెట్టె అడుగున ఉంది, పెట్టె కింది హాల్లో ఉంది. మా ఆవిడ తన శాలువా ఇస్తే నడుముకు చుట్టుకున్నాను. దానిమీద నెమళ్ళు ఉన్నాయి.

పిల్లనూ అల్లుణ్ణీ తాళ్ళ చుట్టల పక్కన తూర్పుకు తిప్పి కూర్చోబెట్టారు. అల్లుడికి సిగ్గుగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళను చూసి వెర్రిగా నవ్వుతున్నాడు. పిల్ల మాత్రం కొంగు భుజంమీదుగా కప్పుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాయడానికి వచ్చినదానిలా కూర్చుంది.

నాన్నగారు మొదలుపెట్టారు. రాత్రి భయంతో వణికిన గొంతేనా అది అనిపించింది. ఆశీర్వచనం ఇద్దరు కలిసి చెబితేనే నిండుగా ఉంటుంది. ఆయన ఎత్తుకున్నచోట నేను అందుకోవాలి. రెండుసార్లు అందుకున్నాను. మూడోసారి స్వరం పైకి పోవాల్సినచోట ఓడ కిందకి పోయింది. నేను పళ్ళు బిగించి ఆగిపోయాను. నాన్నగారు నావైపు చూసిన చూపు, నా పదేళ్ళ వయసులో మా ఇంటి అరుగుమీద చూసిన చూపే. కడుపులో తిప్పడం అక్కడికక్కడే ఆగిపోయింది. ఏ మాత్రా అంత బాగా పనిచేయదు.

ఫొటోగ్రాఫరు లేడు. నన్నెవరూ పక్కకి జరగమనలేదు. మా అమ్మాయి ఫోనులో తీసింది గానీ అందులో గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. గాలి అక్షతలను కూడా వదల్లేదు. జంట నెత్తిన చల్లినవి సగం సముద్రంలో పడ్డాయి. సముద్రం కూడా దీర్ఘసుమంగళి అయి ఉంటుంది. మధ్యలో పాప ఒళ్ళోంచి జారి, పాక్కుంటూ వచ్చి నాన్నగారి పంచెమీద నింపాదిగా పని కానిచ్చింది. అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. మడి మనిషి, అదీ రాత్రంతా ఎండు చేపల పక్కన పడుకున్న మడి మనిషి, స్వరం తప్పకుండా పంచె ఒక చేత్తో పక్కకి పట్టుకుని, రెండో చేత్తో పాప నెత్తిన అక్షతలు వేసి, చదువుతున్న మంత్రాల పనస పూర్తిచేశారు.

ఎప్పుడు ఆపేశాడో గమనించలేదు గానీ ఆ అల్లుడు నవ్వడం లేదు. పిల్ల చెయ్యి తీసుకుని తన మోకాలిమీద పెట్టుకున్నాడు. పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. ఆమె, వాళ్ళమ్మ, కమ్మీకి ఆనుకుని నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. అయిపోయిందనుకుంటే, చూస్తూ నిలబడ్డ ఒక తమిళ జంట వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది. వాళ్ళ వెనక ఒక బెంగాలీ ముసలాయన, ఆయన భార్య. నాన్నగారు నావైపు చూశారు. ఇంకోసారి, మొదటినుంచి. రేషను షాపు వరసకు భయపడి ఓడెక్కిన మనిషి ఒక్కళ్ళను కూడా కాదనలేదు.

అలలు తగ్గి ఓడ జెట్టీకి చేరేసరికి ఎండ ఎక్కింది. నేలమీద కాలు పెట్టాక కూడా నేల ఊగుతోంది. మా ఆవిడ ముందే చూసుకున్న లాడ్జికి ఆటో మాట్లాడబోతుంటే ఆ నిమ్మకాయ ఆమె అడ్డం పడింది. భోజనం చేయకుండా ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదంది. నాన్నగారు వంట తనే చేసుకుంటానన్నారు. ఆమె అందుకు కూడా సిద్ధంగానే ఉంది. ఇంటి పెరట్లో కొత్త గిన్నె, అరటాకులు, విడిగా ఒక పొయ్యి పెట్టించింది. ఆ పెరట్లో ఒక మామిడిచెట్టు ఉంది. నాన్నగారు దాని ఆకు నలిపి వాసన చూసి, పీచుకాయ అని తీర్పు చెప్పారు. పప్పు ఉడుకుతుంటే ఆమెకు రసాలకూ బంగినపల్లికీ ఉన్న తేడా చెబుతూ కూర్చున్నారు. ఆమె పెరట్లో అవతలివైపు గోనె మూట విప్పి ఎండు చేపలు ఎండలో పరుస్తూనే అన్నిటికీ ఊ కొడుతోంది.

నాన్నగారు ఒకసారి అటు చూసి, మా ఆవిడతో చిన్నగా అన్నారు. "సముద్రాన్ని బాగా ఆరబెడుతోందమ్మా ఈవిడ."

మా ఆవిడ మొహం చూడాల్సింది.  ఆ తర్వాత తను, మా అమ్మాయి బీచికి వెళ్ళిపోయారు. నా ఒంట్లో శక్తి లేదు. కొబ్బరిచెట్టు నీడలో నులకమంచం మీద పడుకున్నాను. ఆ అల్లుడు వల బాగుచేసుకుంటూ పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఏదో అడగాలని, మానుకుని, చివరికి అడిగాడు.

"పంతులుగారూ, మీ నాన్నగారు సదివిందాన్లో ఏటుందండి?"

నేను లేచి కూర్చున్నాను. ఇన్నేళ్ళలో, ఇన్ని పెళ్ళిళ్ళలో, ఈ ప్రశ్న నన్ను అడిగినవాడు లేడు. ఎవరైనా అడుగుతారేమోనని మొదట్లో అర్థాలన్నీ శ్రద్ధగా చదువుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి. చాలా సంతోషంగా చెప్పాను. నూరేళ్ళు బతకమని, ఒంట్లో సత్తువ తగ్గకుండా ఉండమని, ఇల్లు ధాన్యంతో, పిల్లలతో, పశువులతో నిండుగా ఉండాలని, మొగుడూ పెళ్ళాం ఒకరి మాట ఒకరు వినమని.

అతను వల ముడి వేయడం ఆపి విన్నాడు.

"అంతేనాండి?"

"అంతే."

"మా అత్త రోజూ అదే అంటాదండి" అన్నాడు అతను. "తెలుగులో."

ముడి బిగించి, దారం పంటితో కొరికి, వల రెండో పక్కకి తిప్పుకున్నాడు.